పటంలో రాణిగారి నవ్వు

లండన్ రాజభవనంలో చిత్రకారుడు రాణిగారి పటం ముందు కుంచె పట్టుకుని నిలబడ్డాడు. పుట్టింటి నుంచి రాణి వెంట సముద్రం దాటి వచ్చిన ముసలి దాది గబగబా లోపలికి వచ్చింది.

“ఆగు నాయనా! రాణి చేతిలో జపమాల చెరిపేస్తున్నావట?”

“రాజుగారి ఆజ్ఞ దాదమ్మా. ఇక్కడి జనం మతం వేరు, జపమాల పట్టిన కేథలిక్ రాణి అంటేనే రాళ్లు పట్టుకుంటున్నారు.”

“ఇది రాణి వాళ్లమ్మకి పంపే పటమయ్యా! మంచాన పడి ఉందావిడ.”

“ఓడ ఎక్కించేముందు రేవులో రాజుగారి మనుషులు విప్పి చూస్తారు. నా తల పోతే నా పిల్లలకి దిక్కెవరు?”

“ఎనిమిదేళ్లుగా ఆమె బొమ్మలు గీస్తున్నావు. ఒక్కసారైనా నవ్వగా చూశావా?”

“లేదు. ఆ నవ్వు ప్రతిసారీ నేనే పెడతాను.”

“జపమాల లేకుండా నవ్వుతూ కనిపిస్తే, కూతురు ఇష్టంగానే మతం వదిలేసిందనుకుంటుంది తల్లి. ఆ బెంగతోనే పోతుంది.”

“నన్నేం చెయ్యమంటావు?”

“జపమాల తీసెయ్, తప్పదు. నవ్వు ఉంచాలని ఆజ్ఞ ఉందా?”

“అలాగని ఎవరూ అనలేదు.”

“అయితే అదీ తీసెయ్. ఆ మొహం చూస్తే తల్లికి తెలుస్తుంది, జపమాల ఎవరో లాక్కున్నారని.”

“రాజుగారు అడిగితే?”

“ఉన్నది ఉన్నట్టు గీశానని చెప్పు.”

అతను కుంచెను జపమాల కంటే ముందు పటంలోని పెదవుల మీదికే పోనిచ్చాడు.