డ్రాయింగ్‌లో లేని వైరు

అధ్యక్ష స్థానంలో ఉన్న ప్లాంట్ మేనేజర్ గారికి, ముందు వరసలో పెద్దలకి, వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ ప్యానెల్ షాపు వాళ్లకి, మా డిజైన్ సెక్షన్ పిల్లలకి, టీ చల్లారిపోతున్నా మర్యాదకి ముట్టుకోకుండా కూర్చున్న మావారికి నమస్కారం. ఈ మైకు గుయ్‌మంటున్న సంగతి నాకూ వినపడుతోంది. ఎర్తు సరిగా ఇవ్వలేదు. ఈ క్యాంటీన్ వైరింగ్ నా డ్రాయింగ్ కాదు, ముందే చెప్తున్నా. (నవ్వులు)

నా వీడ్కోలు సభ అని ఇందాక మాట్లాడిన వాళ్లందరూ నన్ను ఆకాశానికెత్తేశారు. ముప్పై ఒక్క ఏళ్లలో మేడమ్ డ్రాయింగ్‌లో తప్పు పట్టినవాడు లేడన్నారు. మేనేజర్ గారైతే మొన్నటి ప్రమాదం విచారణలో కూడా నా డ్రాయింగ్ కడిగిన ముత్యంలా నిలబడిందన్నారు. మీరంతా చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్లు మండింది. చేతిలో పూలగుత్తి ఉండబట్టి ఊరుకున్నాను.

కొత్తవాళ్ల కోసం చెప్తాను. రెండో ప్యాకింగ్ లైన్‌లో మెషీన్‌కి గార్డు తలుపుంది, ఆ తలుపుకి స్విచ్చి ఉంది, తలుపు తీస్తే మెషీన్ ఆగాలి. ఆరేళ్ల క్రితం ఒక రోజు ఆ స్విచ్చి పాడైంది, స్టోర్‌లో ఇంకోటి లేదు, సరుకు ఆ పూటే వెళ్లాలని ప్రొడక్షన్ వాళ్లు నా ప్రాణం తోడేస్తున్నారు. నేను ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేసి, మెషీన్ కరెంటు ప్యానెల్‌లో ఫలానా రెండు టెర్మినళ్ల మధ్య ఒక వైరు ముక్క కట్టెయ్యమని చెప్పాను. అంటే తలుపు తెరిచున్నా మూసే ఉందని మెషీన్‌ని నమ్మించడం. జేబులో టెస్టర్ లేకుండా పెళ్లికి కూడా వెళ్లడని మనమంతా టెస్టర్ అనే పిలిచే మనిషి అతను. "అక్కా, మరి డ్రాయింగ్‌లో గీస్తారా?" అని అడిగాడు. "ఒక్క షిఫ్టుకి డ్రాయింగ్ ఎందుకయ్యా, తాత్కాలికం" అన్నాను.

అతను వైరు కట్టి, దానికో చీటీ తగిలించి, 'తాత్కాలికం' అని రాశాడు. కొత్త స్విచ్చి వచ్చింది, బిగించారు కూడా. వైరు మాత్రం ఉండిపోయింది. అది తీస్తే తలుపు తీసినప్పుడల్లా లైన్ ఆగుతుంది కదా మరి. తీసేస్తానని అతను మూడుసార్లు రాసిచ్చాడు. లైన్ ఆపడం కుదరదని ప్రొడక్షన్ వాళ్లు మూడుసార్లూ తిప్పి పంపారు. ఆ కాగితాలు నేను చూశాను. చూసి నా పని నేను చేసుకున్నాను.

మొన్న ప్యాకింగ్ ఆవిడ ఇరుక్కున్న అట్టపెట్టె లాగడానికి తలుపు తీసింది. రెండు వేళ్లు పోయాయి. ఇంకా కట్టు విప్పలేదు, అందుకే ఇక్కడికి రాలేదు. ఆ రోజే వైరు తీసేశారు, పది నిమిషాల్లో. ఆరేళ్లుగా దొరకని పది నిమిషాలు.

విచారణలో ఏం తేల్చారు? డ్రాయింగ్‌లో వైరు లేదు, ప్యానెల్‌లో ఉంది, కాబట్టి ఇది ఎలక్ట్రీషియన్ సొంత పెత్తనం. అతన్ని సస్పెండ్ చేశారు. కట్టమన్నది నేనేనని మేనేజర్ గారి గదికి వెళ్లి చెప్తే, "రిటైరయ్యే ముందు మీకెందుకు మేడమ్ ఈ తలనొప్పి, మీ డ్రాయింగ్ శుభ్రంగా ఉందిగా" అన్నారు. శుభ్రంగా ఉండటమేనండీ దాని తప్పు. ఉన్నది చూపించని డ్రాయింగ్ పచ్చి అబద్ధం, దాని కింద సంతకం నాది. అడుసు తొక్కింది నేనూ, మీరూ. కాళ్లు కడుక్కోమంటున్నది అతన్ని.

మావారు ఆపమని సైగ చేస్తున్నారు. ఇంట్లో వింటున్నాగా, ఇక్కడ వినను. (నవ్వులు)

ఈ పొద్దున నా ఆఖరి డ్రాయింగ్ గీశాను. ప్రమాదం నాటికి రెండో లైన్ ప్యానెల్ ఎలా ఉందో అలాగే, ఆ వైరుతో సహా. పక్కన, 'ఇది నా మాట మీద కట్టింది, తీసేస్తానని ఎలక్ట్రీషియన్ మూడుసార్లు అడిగాడు' అని రాసి, ఇవాళ్టి తేదీ వేసి సంతకం పెట్టాను. డ్రాయింగ్‌ని చూసే తీర్పు చెప్పారు కాబట్టి, ఇక ఈ డ్రాయింగ్‌ని చూసి మళ్లీ చెప్పాలి. మేనేజర్ గారూ, ఇదిగోండి కాగితం. ఆమోదం అన్న గడి ఖాళీగా ఉంది. నలుగురిలో పెట్టినందుకు ఏమనుకోకండి, గదిలో నాలుగుసార్లు అడిగాను.

ఇన్నాళ్లూ నా నోటిని భరించిన మీ అందరికీ కృతజ్ఞతలు. నేను వెళ్తున్నాను. అతన్ని రానివ్వండి.

సెలవు.