మోత మింగిన గొట్టం

"మోత తియ్యడం నాకో పనా, ఆరోనూ?" అన్నారు పెద్దిరాజు గారు, సాసర్లో పోసుకున్న టీ ఊదుకుంటూ. "తాళం నా చేతికిచ్చి ఇంటికెళ్లి పడుకో. రేపు పొద్దున్నకి నీ కారులో చీమ నడిచినా వినబడాలి."

ఆరోన్ తాళం ఇవ్వలేదు. ఇవ్వననీ అనలేదు. తణుకు ఫ్యాక్టరీ రోడ్డులో సంపూర్ణమ్మ టీకొట్టు ముందు బల్ల మీద కూర్చుని, రోడ్డుకి అవతల ఆపిన తన టాక్సీ అంబాసిడర్ వంక ఒకసారీ, పెద్దిరాజు గారి మొహం వంక ఒకసారీ చూశాడు.

మొన్నమొన్నటి దాకా ఆ కారుకి ఏ రోగమూ లేదు. సైలెన్సర్ తుప్పు పట్టి చిల్లు పడితే, ఈయన వెల్డింగ్ షెడ్డులోనే కొత్తది వేయించాడు. అప్పట్నుంచీ హైవే ఎక్కి ముల్లు అరవై దగ్గరికి రాగానే లోపల గుయ్‌మని ఒకటే మోత. బయట నుంచున్నవాడికి ఏమీ తెలీదు. లోపలున్నవాడికి మాత్రం తల మీద బిందె బోర్లించి ఎవరో ఊదుతున్నట్టుంటుంది. అరవైకి ముందు లేదు, డెబ్బై దాటితే లేదు. కానీ ఆ ముసలి ఇంజన్ని రోజంతా డెబ్బైలో తోలితే ఇంకేమన్నా ఉందా?

నెలనెలా పిఠాపురం గుడికి వెళ్లే మాణిక్యాంబ గారు మొన్న దారంతా రెండు చెవులూ మూసుకుని కూర్చున్నారు. దిగేటప్పుడు, "వచ్చేసారికి ఈ మోత పోకపోతే వేరే బండి చూసుకుంటాను నాయనా, ఏమనుకోకు" అన్నారు. ఆవిడ మారితే ఆవిడ మాట మీద వచ్చే ఆ వీధి పార్టీలన్నీ మారతాయి. చేసినాయన్నే అడుగుదామని ఆరోన్ వస్తే, "నా సైలెన్సర్లో ఏం లేదు, నీ కారు ఒంట్లోనే ఉందా మోత. స్పెషల్ గొట్టం పెట్టాలి" అంటున్నారీయన.

"అత్తిలి భీమరాజు గారి కాంటెస్సా తెలుసు కదా?" అని మొదలెట్టారు పెద్దిరాజు గారు.

"ఎందుకు తెలీదండీ!" అన్నాడు అప్పాజీ. పెళ్లిపార్టీలకి మెటాడోర్ తిప్పే మనిషి. రాజు గారు నోరు తెరిస్తే చాలు, పకోడీ పొట్లం పక్కన పెట్టేసి వింటాడు.

"అందులోనూ ఇలాగే మోత. అసలు మోతెందుకొస్తుంది? ఇంజను దమ్ము దమ్ముగా పొగ వదుల్తుంది. ఆ దమ్ములకి గొట్టంలో గాలి ఊగుతుంది. ఆ ఊపూ, కారు లోపలి గాలి ఊపూ ఒకటయ్యాయనుకో, ఉయ్యాల వెనక్కొచ్చినప్పుడల్లా సరిగ్గా తోసినట్టే. అంతకంతకీ పెరిగిపోతుంది."

ఇదేదో నిజంలాగే ఉంది, అనుకున్నాడు ఆరోన్. అదే అతనికి నచ్చలేదు. నిజాన్ని ముందు నడిపించి, దాని వెనకాల ఏం తోలుకొస్తారో ఈయన.

"నేనేం చేశాను? మనిషంత గొట్టం తీసుకుని, జిలేబీలా వంచి, ఒక మూతి మూసేసి, రెండో మూతి పొగ గొట్టానికి పక్కనుంచి అతికించా. మోత అందులోకి దూరుతుంది. చివరిదాకా పోయి గోడకి గుద్దుకుని తిరిగొస్తుంది. వచ్చే మోతకి ఎదురుపడుతుంది. రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని అక్కడికక్కడే చస్తాయి!"

"ఆ కారులో ఎంత స్పీడులో వచ్చేదండీ మోత?" అడిగాడు ఆరోన్.

"అన్ని స్పీడుల్లోనూ! నిలబెట్టినా మోతే!"

ఊపులు కలిస్తేనే మోత అని ఇప్పుడే అన్నారు. అన్ని స్పీడుల్లోనూ ఎలా కలుస్తాయి? ఆరోన్ ఆ మాట పైకి అనలేదు. ఆయన్ని ఇంకాస్త దూరం పోనిద్దామనిపించింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? సాయంత్రం భీమరాజు గారు పరిగెత్తుకొచ్చారు, కారు స్టార్టవట్లేదని. వెళ్లి చూద్దును కదా, పొద్దున్నుంచీ స్టార్టయ్యే ఉంది! వినబడక ఆయన తాళం తిప్పుతూనే ఉన్నారు. ఈలోగా సైలెన్సర్ మీద పిచ్చుక గూడు కూడా కట్టేసింది, గుడ్లతో సహా!"

"గుడ్లు ఉడికిపోలేదాండీ?" అంది సంపూర్ణమ్మ, గిన్నెలో గరిటె తిప్పుతూనే.

"చల్లటి పొగమ్మా అది! నువ్వు మధ్యలో రాకు. అక్కణ్ణుంచి ఆ గొట్టానికి మోత రుచి మరిగింది. ముందు హారన్ మింగింది. పెరవలి దగ్గర గేదెల మంద అడ్డొస్తే ఈయన హారన్ నొక్కుతున్నారు, నొక్కుతున్నారు, ఒక్క గేదె చెవి కదపదే! తర్వాత టేపురికార్డరు మింగింది. ఆ తర్వాత వాళ్లావిణ్ణి. నిడదవోలు నుంచి ఇంటిదాకా ఆవిడ తిడుతూనే ఉన్నారంట. పెదాలు ఆడుతున్నాయి, మాట లేదు. కారు దిగి నడిరోడ్డు మీద నాకు దండం పెట్టాడాయన!"

"అలాంటిది మా ఇంట్లో పెట్టించుకోవచ్చాండీ?" అన్నాడు అప్పాజీ ఆశగా.

"ఆగవయ్యా. సంగతి రైల్వేవాళ్లకి తెలిసింది. రాజమండ్రి నుంచి పెద్దింజనీరు జీపేసుకుని మా షెడ్డుకొచ్చాడు, గోదారి బ్రిడ్జి మీదకి రైలెక్కితే చెవులు పగిలిపోతున్నాయని. సరే, వెళ్లి నడిమి స్తంభానికి గొట్టం కట్టా. కొవ్వూరులో గూడ్సు ఎక్కింది. అంతే! ఇవతల రాజమండ్రిలో స్టేషన్ మాస్టారు రైలింకా రాలేదనుకుని టీకెళ్లాడు. తిరిగొస్తే గూడ్సు ఎదురుగా నుంచుని ఉంది! డ్రైవరు కేకలేస్తున్నాడు, ఆ కేకా లేదు! అక్కడితో ఆగిందా? గోదారి చప్పుడూ లాగేసింది. పడవలవాళ్లు నీళ్లున్నాయో లేవో తెలీక చెయ్యి ముంచి చూసుకున్నారు!"

ఆరోన్ అనుమానం ఇప్పుడు వేరే దారి పట్టింది. ఈయన ఇంత అబద్ధం ఆడగలడా అని కాదు. అబద్ధమని అందరికీ తెలిసేలా ఇంత పెద్దది ఎందుకు ఆడుతున్నాడు? నవ్వులో పడేసి ఏ చిన్న సంగతి దాటిస్తున్నాడు?

"దాన్ని విప్పి సంచిలో పెట్టుకుని తణుకులో బస్సు దిగేసరికి ఫ్యాక్టరీ సైరన్ వేళయింది. దాన్నీ మింగేసింది. షిఫ్టు దిగాల్సినోళ్లు దిగలేదు, ఎక్కాల్సినోళ్లు ఎక్కలేదు. ఆ వీధిలో పెళ్లి. సన్నాయివాళ్లు బుగ్గలు పగిలేలా ఊదుతున్నారు, పంతులు గారు మంత్రాలు చదువుతున్నారు, ఏదీ వినబడదు. పెళ్లికొడుకు సైగ చూసి తాళి కట్టాడు! చివరికి గొట్టం మూతిలో కొబ్బరిపీచు కుక్కితే గానీ ఊరికి మాట రాలేదు."

"నేనెప్పుడూ ఇక్కడే ఉంటాను కదండీ," అంది సంపూర్ణమ్మ. "సైరను వినబడని రోజు నేనెరగనే."

"నీకు అలవాటు మీద వినబడినట్టుంటుందిలే," అని, పెద్దిరాజు గారు ఆరోన్ వైపు చెయ్యి చాపారు. "తాళం ఇయ్యి. దానికి తమ్ముణ్ణి తయారుచేసి నీ కారుకి పెడతా."

"పెట్టాక హైవే మీద ట్రయల్ చూద్దామండీ," అన్నాడు ఆరోన్. "రావులపాలెం దాకా. అరవైలో. మీరు వెనక సీట్లో కూర్చోండి."

చాపిన చెయ్యి కొంచెం వెనక్కి తగ్గింది.

"హైవే ఎందుకయ్యా? లారీల హోరులో నీ మోతేదో తెలుస్తుందా? మొన్నటిలాగే కాలవగట్టు రోడ్డు మీద చూద్దాం, ప్రశాంతంగా. నా ట్రయల్సన్నీ అక్కడే."

నిజమే. మొన్న గట్టు మీద ట్రయల్ వేసినప్పుడు కారు కిక్కురుమనలేదు. అందుకే కదా తను సంతోషంగా ఇంటికెళ్లింది. అప్పుడెందుకు రాలేదు మోత? ఆరోన్ ఆ రోడ్డుని గుర్తు చేసుకుంటుండగానే సంపూర్ణమ్మ గరిటె ఆపింది.

"గట్టు మీద ధాన్యం నిన్ననే ఎత్తేశారండీ, రాజు గారూ."

"ఎత్తితే ఏంటమ్మా?"

"ఏం లేదండి. వేసవి దాళ్వా ధాన్యం సగం రోడ్డు ఆక్రమించి ఎండబోసినన్నాళ్లూ ఆ దారిన ఏ బండీ ముప్పై దాటలేదు. మా అన్నయ్యే కర్ర పుచ్చుకుని కాపలా కాశాడు. ఇప్పుడు రోడ్డు ఖాళీ అయిపోయింది, ఎనభైలో పోవచ్చు. మరి ఇక మీదట ట్రయల్ ఎక్కడిస్తారో అని."

పెద్దిరాజు గారు సాసర్లోకి చూసుకున్నారు. అందులో టీ లేదు.

అరవైలో వచ్చే మోత ముప్పైలో లేదని చూపించి తాళం చేతిలో పెట్టారన్నమాట. ఆరోన్ లేచి నుంచున్నాడు. "గొట్టం వద్దండీ. పొద్దున్న కిందకి దూరి మీ సైలెన్సర్ కొట్టి చూశాను, ఖాళీ డబ్బాలా ఖంగుమంది. లోపల అరలున్నది తెప్పించి వెయ్యండి. హైవే మీద చూశాకే తీసుకెళ్తాను."

"అలాగేలే, దానికేముంది," అన్నారు పెద్దిరాజు గారు నెమ్మదిగా.

అప్పాజీ మాత్రం అక్కణ్ణుంచి కదల్లేదు. మొహంలో నవ్వు ఎప్పుడో పోయింది.

"నా మెటాడోర్ సైలెన్సర్‌కి కూడా గట్టు మీదే ఇచ్చారు కదండీ ట్రయలు, ఆర్నెల్ల కింద సార్వా ధాన్యం ఎండబోసినప్పుడు?" అన్నాడు. "హైవే ఎక్కితే బండి గుయ్‌మంటోందని మా డ్రైవరు చెప్తే, రాజు గారు చేశాక మోతెలా ఉంటుందిరా అని వాణ్ణి తిట్టి పంపేశానండీ. తర్వాత నాకూ వినబడుతుంటే ఇంక బండిలో కాదు, నా చెవుల్లోనే అనుకుని, అప్పట్నుంచీ రాజమండ్రిలో చెవుల డాక్టరు చుట్టూ తిరుగుతున్నానేంటండీ!"