రెండో గొంతు

పరీక్షల విభాగం. బల్లకి అటు అధికారి మేడమ్, ఇటు చూపు లేని డిగ్రీ అమ్మాయి. అమ్మాయికి కుడిపక్కన, కంప్యూటరు ముందు కూర్చున్నాయన ఇంతవరకూ నోరు విప్పలేదు.

“ఆ రోజు పరీక్షలో మీకు వినపడింది మనిషి కాదు మేడమ్. నా కంప్యూటరు.”

“కంప్యూటరు మాట్లాడుతుందా?”

“తెర మీద ఉన్నది నాకు చదివి పెడుతుంది. అది చదవకపోతే ప్రశ్నేంటో కూడా నాకు తెలియదు.”

“మరి ఇయర్‌ఫోన్ పెట్టుకుని వినచ్చుగా? ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో పరీక్ష రాసేటప్పుడు మాట వినపడితే మా సాఫ్ట్‌వేర్ కాపీ కింద పట్టేస్తుందని తెలియదూ?”

“ఇయర్‌ఫోన్ పెట్టుకున్నా కాపీయేనని మీ రూల్స్‌లోనే ఉంది మేడమ్.”

“ఉందనుకో.”

“పెట్టుకుంటే తప్పు, తీసేస్తే తప్పు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఏం చెయ్యమంటారని పరీక్షకి ముందే మీకు మెయిల్ పెట్టాను.”

“వచ్చింది. కంప్యూటర్ సెక్షన్‌కి పంపాం. వాళ్ళు మాకే తిప్పి పంపారు.”

“తర్వాత?”

“మేం మళ్ళీ పంపాం. సరే, అది వదిలెయ్. గడగడా చదివేసే ఆ ఆడగొంతు కంప్యూటరే అనుకుందాం. మరి రెండో గొంతు? మగగొంతు?”

“అదీ…”

“చూశావా, ఇక్కడికొచ్చేసరికి నీళ్ళు నములుతున్నావు.”

“గీతల బొమ్మ ఇచ్చిన ప్రశ్న దగ్గర మేడమ్. చూపులేనివాళ్ళ కోసం బొమ్మలో ఏముందో మాటల్లో రాయాల్సిన చోట మీవాళ్ళు ‘బొమ్మ’ అని రాశారు. నా కంప్యూటరు ‘బొమ్మ’ అంది. వెనక్కెళ్ళి మళ్ళీ వస్తే మళ్ళీ ‘బొమ్మ’ అంది.”

“అక్కడ ఖాళీగా వదిలితే ఆ పేజీ చెకింగ్‌లో పాసవదు. అందుకని ఏదో ఒకటి రాసుంటారు. అన్ని పేజీలూ పాసయ్యాయి తెలుసా? మా వెబ్‌సైటు అందరికీ అందుబాటులో ఉందని సర్టిఫికెట్ కూడా ఇచ్చారు. అదిగో, నీ వెనక గోడకే ఉంది, చూ…”

“పర్లేదు మేడమ్.”

“నా ఉద్దేశం అది కాదు.”

“నాకు తెలుసు మేడమ్. అది పెద్ద ప్రశ్న. వదిలేస్తే తప్పుతాను. టైమేమో అయిపోతోంది. ఏడుపొచ్చింది. ఇందులో ఏముందో ఎవరైనా చెప్పండి అని పైకే అనేశాను. గదిలో ఎవరూ లేరు, తలుపేసే ఉంది. అప్పుడు నాకు చెప్పింది ఎవరంటే…”

“ఆగాగు. ముందు అదే విందాం. ఏమయ్యా, రికార్డింగ్‌లో ఆ ముక్క తియ్యి. తల ఊపితే ఎలా? దొరికిందా లేదా?”

“దొరికిందండి.”

“పెట్టు మరి.”

“‘ఎడమ నుంచి చెబుతాను, వినమ్మా. ఒక గీత పైనుంచి దిగుతోంది. ఇంకోటి కిందనుంచి ఎక్కుతోంది. రెండూ కలిసిన చోట క అని రాసుంది.’”

“ఆపు. నూతిలోంచి మాట్లాడినట్టుంది. అయినా ఎక్కడో విన్న గొంతులాగే ఉందే. ఇప్పుడు చెప్పమ్మా, ఎవరు?”

“తెలియదు మేడమ్.”

“ఇప్పుడేగా చెప్పబోయావు?”

“మర్చిపోయాను.”

“ఇంతలోనే?”

“ఆయనెవరు మేడమ్? ఇందాక ‘దొరికిందండి’ అన్నాయన?”

“ఇక్కడి కంప్యూటర్లన్నీ ఆయన చేతిలోనే ఉంటాయి. పరీక్షలప్పుడు మీ కెమెరాల్లో చూసేది కూడా ఆయనా, ఆయన కిందవాళ్ళూ. ఇన్నేళ్ళూ కాంట్రాక్టు మీద ఈడ్చుకొచ్చాడు, ఈ నెలలో పర్మనెంటవుతోంది. మాట మార్చకు.”

“కెమెరాలో చూసేవాళ్ళు మాతో మాట్లాడితే?”

“కెమెరా సరిగ్గా పెట్టుకో అనడానికే వాళ్ళకి మైకిచ్చింది. ఇంకో ముక్క మాట్లాడితే ఆ రోజే ఇంటికి పంపించేస్తాం. ఈయన అలాంటివాడు కాదులే. ఏమయ్యా, ఇవాళ ఉలుకూ పలుకూ లేదు, మౌనవ్రతమా?”

“గొంతు బాగాలేదండి.”

“మేడమ్, ఆయన్ని మాట్లాడించకండి. పాపం, గొంతు బాగాలేదంటున్నారుగా.”

“నీ సంగతి చూడు ముందు. ఎవరు, అన్నయ్యా? బాబాయా?”

“ఇంట్లో నేనూ, అమ్మమ్మే.”

“అమ్మమ్మకి మీసాల గొంతు రాదుగా. చూడమ్మా, నేనేం రాక్షసిని కాను. నాకూ పైన అడిగేవాళ్ళున్నారు. ఎవడో తగుదునమ్మా అని మధ్యలో దూరాడు. వాడెవడో చెప్పు, నిన్ను వదిలేస్తాను. చెప్పకపోతే మొత్తం నీ మీదే పడుతుంది. ఏడాది పోతుంది, పీజీ సీటూ పోతుంది.”

“వచ్చే ఏడు రాస్తాను.”

“వచ్చే ఏడు మాత్రం ఏమవుతుంది?”

“అదే కెమెరా, అదే రూలు, అదే బొమ్మ. తెలుసు మేడమ్.”

“తెలిసీ చెప్పవా?”

“ఆయన నాకు జవాబు చెప్పలేదు మేడమ్. క్లాసులో అందరికీ కనపడేది నాకూ చెప్పాడు, అంతే. జవాబు నేనే రాసుకున్నాను. సీటు పోతుందంటే నాకూ భయమే. కానీ అలాంటి మనిషిని పట్టించి చేరితే ఆ చదువు నాకు వంటబట్టదు.”

“‘ఆయన’ అంటున్నావంటే తెలుసన్నమాట.”

“కాగితం ఇవ్వండి. సంతకం పెట్టేస్తాను.”

“ఇంకోసారి ఆలోచించుకో.”

“ఇవ్వండి మేడమ్.”

“నీ ఇష్టం. ఇతరుల సాయంతో పరీక్ష రాశాననీ, శిక్షకి ఒప్పుకుంటున్నాననీ ఉంది ఇందులో. చదివి చెప్పలేదని రేపు అనకు. ఇదిగో పెన్ను.”

“ఎక్కడ పెట్టాలి?”

“ఏమయ్యా, ఆ అమ్మాయి వేలు పట్టుకుని సంతకం చోటు చూపించు. అదేంటి, కుర్చీకి అతుక్కుపోయావా? నిన్నే, చూపించు.”

“పెన్ను పక్కన పెట్టెయ్యి. ఎడమ నుంచి చెబుతాను, వినమ్మా. ఎడమ పక్క తలుపుంది. ఎదురుగా మేడమ్ ఉన్నారు. కుడిపక్కన, ఆ రోజు నీతో మాట్లాడినవాడున్నాడు.”