తిబూ అనకూడని ఇల్లు

హలో… ఆ, నేనే. యుగెట్‌ని. ఇందాక ఫోన్ చేసింది నేనే… దొరికారా? మా ఆయన దొరికారా?

…లేదా.

అయ్యో. ఎక్కడెక్కడ చూశారు?… సరస్సులో దీవి వెనక చూశారా?… పాత కలపమిల్లు రేవు దగ్గర?… బోటేదీ కనబడలేదా! బోటని నేనెప్పుడు చెప్పానమ్మా? వ్యక్తిగత జలవాహనం అని చెప్పాను. రెండుసార్లు చెప్పాను!

అంటే… ఒక మనిషి కూర్చునేది. తెడ్లుండవు… పైకప్పూ లేదు, గదీ లేదు… ఇంజనుంటుంది, కానీ మోటారు బోటు కాదు తల్లీ. గుర్రమెక్కినట్టు ఎక్కి కూర్చుంటారు, నీళ్ళ మీద—

తిబూ కాదు!

…కాదు. కాదన్నానుగా. తిబూ మాత్రం కాదు.

…మరేమిటంటే ఏం చెప్పను?…

లేదు, లైన్లోనే ఉన్నాను. ఒక్క మాట. ఈ ఫోన్ రికార్డవుతుందా?… మీ రక్షణ కేంద్రానికొచ్చేవన్నీ అవుతాయా. దేవుడా!

కోప్పడకమ్మా. నేనేం దాచడం లేదు. నా నోరు పెగలడం లేదు, అంతే… చెబుతున్నాను. నేను ఫెర్నాన్ భార్యని. తిబూ కంపెనీ ఫెర్నాన్… ఆ, ఆయనే. తిబూ కనిపెట్టిన తెలెస్ఫోర్‌గారి కోడలిని.

అదే గొడవ. ఆ పెద్దాయన కుక్క పేరమ్మా తిబూ. ఆయన పడవ వెనకాల ముక్కు పైకెత్తి ఈదుకుంటూ వచ్చేది. కలపమిల్లు ఇంజను తెచ్చి మొదటి నీళ్ళబండి చేసినప్పుడు దాని ముక్కూ అలాగే లేచిందని ఆ పేరు పెట్టాడు. పేటెంటు గడువు తీరిపోయింది, ఇప్పుడు ఎవడైనా ఆ బండి చేసుకోవచ్చు. మాకు మిగిలింది ఆ పేరొక్కటే… విన్నాను, నీళ్ళు చల్లగా ఉన్నాయని నాకు తెలీదా!

మీరూ అంటారుగా, ఎవరి బండి చూసినా తిబూ అని. సరస్సు చుట్టూ అందరూ అంతే. మా ఇంట్లో మాత్రం పరాయి కంపెనీ బండిని తిబూ అన్నామంటే, మామగారు బఠాణీ సూపు గిన్నె ముందు నుంచి లాగేసుకునేవాడు. సరిగ్గా చెప్పేదాకా ఇచ్చేవాడు కాదు. కొత్త కోడలినని కూడా చూడలేదు. ముప్ఫయ్యేళ్ళు, తల్లీ! ఆ మాట నా గొంతులోంచి ఊరికే రాదు.

మా ఆయన ఇప్పుడెక్కింది మాది కాదు. పోటీవాళ్ళది. ఎర్రది… ఎందుకెక్కాడా? మంగళవారం కోర్టుంది. తిబూ అన్నది ఊరందరి మాటైపోయింది, ఇక అది మీ సొత్తు కాదు, మేమూ వాడుకుంటామని వాళ్ళ వాదన. వాళ్ళ బండి వేరు, మన బండి వేరని జడ్జికి చూపిస్తానని, దాన్ని అద్దెకు తెచ్చి ఒక్కడే వెళ్ళాడు. అక్టోబరులో! వద్దంటే వింటాడా, తండ్రికి తగ్గ కొడుకు… మాంట్రియల్ లాయర్లు మరీ మరీ చెప్పారు, ఇంట్లోవాళ్ళు ఒక్కరు నోరు జారినా కేసు పోతుందని. ఇప్పుడు నేను, ఈ రికార్డులో, వాళ్ళ బండిని…

…ఏమిటీ?

ఇంకోసారి చెప్పండి.

…చీకటి పడితే పడవలు వెనక్కొచ్చేస్తాయా? మరి ఆయన? ఆయన్ని అక్కడే వదిలేస్తారా!

తిబూ! తిబూ అమ్మా, తిబూ! ఎర్ర తిబూ! అందరికీ చెప్పండి, మైకులో చెప్పండి, తిబూ కోసం వెతకమని చెప్పండి! రికార్డవనీ! కోర్టులో వేసుకోనీ! పేరు పోతే పోయింది, నా మనిషిని తెచ్చివ్వండి!

…

…ఆ. ఉన్నాను. ఏడవడం లేదు. చెప్పండి, చెప్పారా వాళ్ళకి?…

ఎవరు? చేపలు పట్టే ముసలాయనా?… మధ్యాహ్నం చూశాడా! ఎర్ర తిబూ, తిరగబడి ఉందా… ఆనకట్ట వైపు… మరి ఇందాక అడిగినప్పుడు చెప్పలేదేం?

…"బోటు సంగతి అడిగారు కానీ, తిబూ సంగతి అడగలేదుగా" అన్నాడా.

నా వల్లే. ఇంతసేపూ నా వల్లే ఆయన నీళ్ళలో… లేదమ్మా, ఓదార్చకండి. వెళ్ళమనండి. త్వరగా వెళ్ళమనండి. ఫోన్ పెట్టకండి, మీకు దణ్ణం పెడతాను. పెట్టకండి.

…

…

ఏమైనా అన్నారా? అదేం చప్పుడు?… గాలా.

…

మరియమ్మ తల్లీ, ఆయన్ని కాపాడు. సూపు గిన్నె కాదు, నా తిండంతా తీసేసుకో…

…

ఏమిటి? ఉన్నాడా? ఎక్కడ?… బండిని కరుచుకుని ఉన్నాడా! ప్రాణంతో?… నిజం చెప్పండి, నా దగ్గర దాచకండి. ప్రాణం ఉందా?

…పెదాలు నీలంగా ఉన్నాయా. వణుకుతున్నాడా. మాట్లాడుతున్నాడా?… ఏదో గొణుగుతున్నాడా? నన్ను పిలుస్తున్నాడా? సరిగ్గా వినమనండి. ఏమంటున్నాడు?

…

"ఇది తిబూ కాదు" అంటున్నాడా?

…మళ్ళీ మళ్ళీ అదే అంటున్నాడా.

అననివ్వండమ్మా. వాళ్ళనేం ఎదురు చెప్పొద్దనండి. కప్పి, వెచ్చగా పడుకోబెట్టి, అవునయ్యా, తిబూ కాదు, తిబూ కాదు అనమనండి. నేను రేవుకి వస్తున్నాను. తిబూ అన్నది నేనేనని… ఆయనకి నేనే చెప్పుకుంటాను.