ఒకటి పాయింట్ ఎనిమిది

మంచిర్యాలలో ఒక ఆసుపత్రి. డాక్టరు గదిలోంచి బయటికొచ్చిన తండ్రీ కూతుళ్లు వరండాలో బెంచీ మీద కూర్చున్నారు.

“క్రియాటినిన్ ఆరు దాటింది బాపూ. నీ కిడ్నీలు శానా ఖరాబైనయట.”

“ఫికర్ చెయ్యకు బిడ్డా.”

“రెండేండ్ల కింద గిదే పరీక్ష కాయితం తెచ్చి నన్నడిగినవ్. గప్పుడు ఒకటి పాయింట్ ఎనిమిదే ఉండె. షుగర్ లెక్క వందలు దాటితేనే భయమనుకున్న. ఏం గాదు పో అన్న.”

“గప్పుడు నీకేం ఎరుక బిడ్డా?”

“ఒకటిన్నర దాటంగనే డాక్టరుకు సూపెట్టుకోవాల్నట. గప్పుడే వస్తే మందులు పనిచేస్తుండెనట.”

“ఊకో, ఏడ్వకు.”

“గా పాత కాయితం నీ జేబులనే ఉండె గద. ఇంతకుముందు పరీక్ష చేయించినవా అని సారు అడిగితే, లేదని ఎందుకన్నవ్?”

“నువ్వు పక్కన్నే ఉంటివి గద బిడ్డా.”