మూడడుగుల పాలకూర మడి

సరిహద్దుకు జానెడు ఎడంగా లేచిన తన కొత్త ఇంటి నేలమాళిగ గోడ దగ్గర దర్జీ ఆవిడ నిలబడింది. అవతల పక్కింటి ముసలాయన పాలకూర మడికి నీళ్లు చల్లుతున్నాడు.

"బాబాయ్, గోడకు చలి ఆపే పలకలు బయటి నుంచి అంటించాలట. మీ వైపు మూడడుగులు తవ్వనివ్వాలి."

"లోపల అంటించుకోరాదూ?"

"అప్పుడు కింది గది ఇరుకై నా కత్తిరింపు బల్ల పట్టదు. బల్ల లేకపోతే కుట్టుపనే లేదు."

"మూడడుగులంటే నా మడంతా పోయినట్టేగా!"

"కోతకొచ్చేదాకా ఆగుతాను."

"ఈలోగా వాన పడితే నీ నేలమాళిగకు తవ్విన గుంత చెరువవుతుంది. రేపే తవ్వించు."

"మరి పాలకూర?"

"మళ్లీ చల్లుకుంటాను. మట్టి పూడ్చేశాక నువ్వు మళ్లీ పలకలు అంటించగలవా?"

ఆమె ముఖం విప్పారింది. "విత్తనాలు నేనే చల్లిపెడతాను బాబాయ్."

"వద్దు తల్లీ! నువ్వు గీత గీసి మరీ చల్లుతావు. ఆకుకూరకు కాస్త వంకరుంటేనే హాయి."