పరీక్ష తప్పబోయే విద్యార్థిని ముందే పోల్చుకున్న డాక్టర్ కమలాక్షి గారు

1950 జూలై 3వ తేదీన పెనుకొండ ప్రభుత్వ ఆసుపత్రిలో అసిస్టెంట్ సర్జన్‌గా బాధ్యతలు స్వీకరించిన డాక్టర్ కమలాక్షి గారు ఈ నెలాఖరున హిందూపురం ఆసుపత్రి నుండి పదవీ విరమణ చేయనున్నారు. 1954లో స్వస్థలమైన ధర్మవరానికి బదిలీ అయి, మగ్గాల వీధులలోని ప్రతి ఇంటికీ ఆత్మీయురాలైన ఆమెను, 1958లో ప్రభుత్వం వైద్య కళాశాలకు శరీర నిర్మాణ శాస్త్ర ఉపన్యాసకురాలిగా పంపింది. నేను ఆ విభాగంలోనే డిమాన్‌స్ట్రేటర్‌ని.

తక్కువ మార్కులతో చేరినవారే పరీక్ష తప్పుతారని మా అందరి నమ్మకం. కమలాక్షి గారు మార్కులు చూసేవారు కారు. పాఠంలో చమత్కారం వినబడినప్పుడు, పక్కవారిని చూసి ఆలస్యంగా నవ్వేదెవరు, సందేహం అడగడం మానేసినదెవరు అని గమనించేవారు.

ధర్మవరం నేతకారుడు వెంకటేశులు కుమారుడు గంగాధర ఆ తరగతిలో అత్యధిక మార్కులతో చేరినవాడు. “ఈ అబ్బాయికి ఇంగ్లీషు పాఠం అందడం లేదు, తప్పుతాడు” అని ఆమె అంటే, విభాగాధిపతి నవ్వి ఊరుకున్నారు. గంగాధర తప్పాడు. తమ మాట నిజమైనందుకు ఆమె ఎంత బాధపడ్డారో నేనెరుగుదును.

కొడుకును తీసుకుపోవడానికి తండ్రి కమలాక్షి గారి వద్దకు వచ్చాడు.

“సాలమ్మా ఈ సదువు. అన్నం తినేది గూడా మానేసినాడు. ఇంటికాడ మగ్గం ఉండాది, వీన్ని తోలుకపోతా.”

“తెలివి లేక తప్పలేదప్పా వీడు. పాఠం చెవికెక్కలేదు, అంతే. మళ్ళా పరీక్ష దాకా నాకిడిసిపెట్టండి.”

నాటి నుండి సాయంత్రాలు గంగాధర చేతికి ఒక ఎముకనిచ్చి, దాని సంగతులన్నీ మొదట తెలుగులో, పిదప ఇంగ్లీషులో చెప్పించేవారు. అతడు కంటతడి పెడితే కోప్పడేవారు. ఆమె కోపం మాకందరికీ అనుభవమే. మౌఖిక పరీక్షలో ప్రశ్న అర్థం కానిచోట, “మళ్ళీ అడగండి సార్” అని ధైర్యంగా అడిగి మరీ జవాబు చెప్పి గంగాధర ఉత్తీర్ణుడయ్యాడు.

ఆ పిమ్మట కళాశాల పెద్దలు, తప్పబోయేవారి పేర్లు ముందే చెబితే తొలి నెలల్లోనే ఇంటికి పంపివేస్తామన్నారు. నిండు సమావేశంలో ఆమె లేచి, “రోగం ముందుగా కనిపెట్టేది మందియ్యడానికా, రోగిని గేటు బయటికి తోలడానికా?” అన్నారు. మరుసటి నెల నుండే వెనుకబడినవారికి సాయంకాలపు తరగతులు మొదలయ్యాయి.

1964లో ఆమె హిందూపురం ఆసుపత్రికి వచ్చాక కూడా, సెలవులకు ఇళ్ళకు వచ్చిన వైద్య విద్యార్థులు ఆమె ఇంటి వరండాలో పాఠానికి కూర్చోవడం మానలేదు. గంగాధర నేడు కనగానపల్లిలో వైద్యుడు.

ధర్మవరంలో స్థిరపడనున్న ఆమెను ఈ అభినందన సభకు ఉదయమే రమ్మని కోరగా, “సాయంత్రం పెట్టుకోండబ్బా, పొద్దున ఇద్దరు పిల్లోళ్ళు వస్తాండారు. వాళ్ళకు గుండె పాఠం చెప్పాల” అన్నారు. అందుకే సభ సాయంత్రానికి మారింది. ధర్మవరం ఇంటి వరండా కూడా ఎన్నడూ బోసిపోకుండా, ఆరోగ్యంతో, ఆ గద్దింపు గొంతుతో, ఆమె నిండు నూరేళ్ళు వర్ధిల్లాలని మా అందరి ఆకాంక్ష.